ఎర్ర కారు గడపలు

బర్రే దీవి, ఆర్క్‌నీ
18 సెప్టెంబర్ 1994

థోరా,

కారుతో సహా ఓడ దిగి అబర్దీన్ చేరావని మీ నాన్న చెప్పాడు. నువ్వు చెప్పలేదు. నాకు ఫోను లేదన్నది సాకు కాదు. ముప్పై ఏళ్ళు ఈ దీవులకు నర్సుగా ఉండి, అది మోగినప్పుడల్లా లేచి పరుగెత్తాను. రిటైరైన రోజే దాన్ని గోడ నుంచి పీకించేశాను. పోస్టాఫీసు ఇంకా పనిచేస్తోంది. పెద్ద అక్షరాలతో రాయి. నా చూపు నడుమ భాగం మసకబారింది, భూతద్దం పెట్టుకుని ఒక్కో మాటా వెతుక్కోవాలి. సాహిత్యం చదువుతున్నావు కదా అని మాటలు దండిగా పోయకు.

కారు నీకెందుకు ఇచ్చానో గుర్తుందా? నువ్వు ముద్దొచ్చి కాదు. నేనిక నడపలేను. మీ నాన్నకిస్తే షెడ్డులో పెట్టి దుప్పటి కప్పుతాడు. రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారులో నర్సేమిటని ఈ దీవులన్నీ నవ్వాయి. ఆ కారులోనే ఇరవై రెండేళ్ళు, ఎండైనా మంచైనా, దీవుల మధ్య సముద్రపు కట్టల మీద కెరటాలు నెత్తిన పడుతుంటే వెళ్ళి, నవ్వినవాళ్ళ పిల్లల్నే భూమ్మీద దింపాను. కాబట్టి రోజూ నడుపు. మంచు పడినా నడుపు. అక్టోబర్ దాటకముందే తుప్పు పట్టకుండా కారు అడుగున గొర్రె ఉన్ని జిడ్డు కాచి పూయి, డబ్బా సీటు వెనక ఉంది. కంపు కొడుతుంది, భరించు. మా కమ్మరి ఎర్లెండ్ ఫ్లెట్ బతికున్నన్నాళ్ళూ నేను ఎదురుపడితే చాలు, "నీ మాటల మీదే నిలబడింది ఈ కారు, నర్సమ్మా" అని నవ్వేవాడు. నా మాటకు అంత విలువ ఉండేది. ఇప్పుడు నిన్ను చూసుకోమంటున్నాను.

ఈస్టర్ సెలవులకు దాన్ని తీసుకురా. గుడ్డ టాపు దించి నన్ను కట్టల మీద ఒక్కసారి తిప్పు. వేసవి తర్వాత నా చూపుకు పూచీ లేదని డాక్టరు చెప్పేశాడు. నాకు జాలి ఉత్తరం రాశావో, చింపేస్తాను.

ఇక్కడి సంగతులంటావా, ఎదురింటి మెర్రన్ రెండాల్ గేటుకు కొత్త రంగు వేయించింది. డెబ్బై తొమ్మిదిలో నా గేటుకున్న నర్సు బోర్డు ఎత్తుకుపోయిన మనిషికి సొంత గేటు మీద ఎంత ప్రేమో. పదిహేనేళ్ళుగా మాట్లాడలేదు, ఇప్పుడూ మాట్లాడను.

నీ మేనత్త,
ఐసొబెల్ డ్రెవర్


(పోస్టు కార్డు)
అబర్దీన్, 11 అక్టోబర్

అత్తా,
క్లాసుకు పరుగెత్తుతూ రాస్తున్నాను. పరీక్ష తప్పాం. గడపలు రెండూ పుచ్చిపోయాయట. ఆయన వేలు పెడితే వేలు లోపలికి దిగిపోయింది. మనుషులకు ప్రమాదమని కాగితం మీద రాసిచ్చాడు. ఏడుపొస్తోంది. వివరంగా మళ్ళీ రాస్తాను.
థోరా


బర్రే, 16 అక్టోబర్ 1994

థోరా,

క్లాసులు మొదలై మూడు వారాలు కాలేదు. అప్పుడే ఏం పరీక్ష పెట్టారు, అప్పుడే ఎలా తప్పావు? మన ఇంట్లో మీ నాన్నతో సహా ఎవరూ పరీక్ష తప్పలేదు, మీ నాన్న బుర్ర నాకు తెలుసు. పైగా "తప్పాం" అని రాశావు. "తప్పాను" కాదు. నీతోపాటు తప్పినవాడెవడు? పేరేమిటి, ఎవరి పిల్లాడు?

ఇక ఆ ఇంటి సంగతి. గడపలు పుచ్చిన ఇంట్లో ఆడపిల్లలకు గదులు అద్దెకిచ్చే మనిషిని ఏమనాలి? గడప పుచ్చిందంటే నేల పుచ్చినట్టు, నేల పుచ్చిందంటే గోడల్లో చెమ్మ ఉన్నట్టు. చెమ్మ ఇళ్ళల్లో ఛాతీ జబ్బులతో దగ్గేవాళ్ళను చూస్తూ ముప్పై ఏళ్ళు గడిపాను. నీ ఇంటి ఓనరు మిసెస్ ఓగిల్వీకి నేనే ఉత్తరం రాశాను. మర్యాదగానే రాశాను, మొదటి పేరా వరకు. వారంలో వడ్రంగిని పిలిపించి రెండు గడపలూ మార్చకపోతే ఆరోగ్య శాఖకు రాస్తానన్నాను. ఆ శాఖలో సగంమంది నాకు భయపడతారు.

జిడ్డు పూశావా? దాని గురించి ఒక్క ముక్క లేదు.

ఐసొబెల్


అబర్దీన్, 24 అక్టోబర్ 1994

అత్తా,

మిసెస్ ఓగిల్వీ నీ ఉత్తరం చేత్తో పట్టుకుని నా గది తలుపు కొట్టింది. నన్ను కిందికి తీసుకెళ్ళి ముందు గడప, వెనక గడప, బొగ్గుల గది గడప కూడా చూపించింది. మూడూ నిక్షేపంగా ఉన్నాయి. ఒకదాని మీద నన్ను ఎక్కి తొక్కమంది. తొక్కాను. "మీ అత్తగారికి చెప్పమ్మా, ఇది గ్రానైటు, మా తాత వేయించాడు" అంది. ఆ రోజు నుంచి నా టిఫినులో రొట్టె ముక్క ఒకటి తగ్గింది.

తప్పింది కారు, అత్తా. నేను కాదు. ఏటా రోడ్డు మీద తిరగడానికి యోగ్యమా కాదా అని చేసే పరీక్ష. "తప్పాం" అంటే నేనూ, అదీ. వాడెవడూ లేడు.

గడపలంటే కారు గడపలు. తలుపు తెరిస్తే కాలి కింద ముందు చక్రం దగ్గరి నుంచి వెనక చక్రం దాకా పొడుగ్గా పెట్టెలాంటి ఇనుప దూలం ఉంటుంది చూడు, దాన్నే ఇక్కడ గడప అంటారు. నాకు ఆ మాట ఎంత నచ్చిందో. రోజూ దాటి లోపలికి వెళ్తాం, ఎప్పుడూ దాన్ని చూడం. పైకప్పు లేని కారుకు ఈ రెండే ఆధారమట. ఇవి పోతే కారు నడుమ మడిచిన పుస్తకంలా అయిపోతుందని పరీక్షాధికారి చెప్పాడు.

ఆయన కార్పెట్టు ఎత్తాడు. కింద తారు. అంగుళం మందం తారు. స్క్రూడ్రైవర్‌తో గీకితే తారు ఊడింది, దాని వెనక ఇనుము బిస్కెట్టులా రాలింది. గారేజీలో ఉన్న నలుగురూ వచ్చి చూశారు. ఒకాయన "ఇది ఇక్కడిదాకా నడిచొచ్చిందా, ఎవరైనా మోసుకొచ్చారా" అన్నాడు. అందరూ నవ్వారు. నేను ఒక్కదాన్నే నవ్వలేదు. ఇది బాగుచేయడం దండగ, తుక్కుకు ఇచ్చేయమన్నారు.

అత్తా, నేనొక మాట అడగాలి. కోపగించుకోకు. కోపగించుకున్నా సరే, అడుగుతాను. పోయిన ఏడాది ఇది అక్కడ పరీక్ష ఎలా నెగ్గింది? ఆ తారు ఎవరు పూశారు, ఎందుకు పూశారు? కింద ఏముందో తెలిసే నా చేతికిచ్చావా? మంచులో కూడా నడపమన్నావు. నా స్నేహితురాలిని పక్కన కూర్చోబెట్టుకుని రెండుసార్లు సముద్రపు ఒడ్డు రోడ్డు మీద వేగంగా వెళ్ళాను.

జిడ్డు పూయలేదు. పూయడానికి కింద ఇనుము ఉండాలి కదా.

థోరా


బర్రే, 3 నవంబర్ 1994

థోరాకు,

భూతద్దంతో రెండుసార్లు చదివాను, మొదటిసారి తప్పు చదివానేమోనని. తప్పు చదవలేదు.

నన్ను అడిగావు, తెలిసే ఇచ్చావా అని. నేను ఎవరికీ తెలిసి హాని చేయలేదు. ఇంజక్షను సూది మరిగించకుండా ఒక్కసారి కూడా వాడలేదు. నువ్వు పుట్టినప్పుడు నీ బొడ్డు కోసింది ఈ చేతులే. ఆ ఊరి గారేజీలో నలుగురు నవ్వారని ఈ చేతుల్ని అనుమానించావు.

గడపలట. నాకా మాట తెలియదు. ఎర్లెండ్ వాటిని కారు వెన్ను అనేవాడు, పడవ కింద ఉండే దూలంలాగా. డెబ్బై తొమ్మిది చలికాలంలో వెన్నుకు కన్నాలు పడితే అతడే రెండు వైపులా కొత్త రేకు వేశాడు, పైన తారు పూశాడు. ఓడకు వాడే పద్ధతి అన్నాడు. ఎర్లెండ్ వేసింది ఊడిపోదు. అతను వేసిన గేట్లు, నాగళ్ళు ఇప్పటికీ ఉన్నాయి, అతనే లేడు.

ఇక్కడి పరీక్షలో ఎలా నెగ్గిందంటావా? ఇక్కడ పరీక్ష చేసేవాడి ముగ్గురు పిల్లల్నీ నేనే దింపాను. మూడోది కాళ్ళు ముందు వచ్చింది. అతను నా కారు చుట్టూ ఒకసారి తిరిగి, హారన్ నొక్కి, కాగితం ఇచ్చేవాడు. అది మర్యాద అనుకున్నాను.

ఇరవై రెండేళ్ళు సముద్రం కొట్టినా పోని కారు, మంచు కరగాలని రోడ్లకు ఉప్పు చల్లే మీ ఊళ్ళో నాలుగు వారాలకే పోయిందట. దుప్పటి కప్పావేమో, నిజం చెప్పు.

ప్రమాదమైతే తుక్కుకు ఇచ్చేయి. నన్ను అడగకు. ఈస్టర్‌కు బస్సులో రా.

ఐసొబెల్ డ్రెవర్


అబర్దీన్, 4 డిసెంబర్ 1994

అత్తా,

తుక్కుకు ఇవ్వను. నువ్వు కోపంలో రాసిన మాట అది. కోపంలో రాయకపోయినా నేను వినను. నువ్వెప్పుడూ ఎవరి మాట విన్నావు గనక?

నెల రోజులు రాయనందుకు తిట్టు. ఆ నెల ఏం చేశానో విను. శనివారం పొద్దున వెల్డింగ్ క్లాసులో చేరాను. పదకొండు మంది మగవాళ్ళు, నేను. మాస్టారి పేరు డౌగల్. ఓడలు కట్టే చోట పనిచేసి వచ్చాడు. మొదటి రోజు నా నోటుపుస్తకం చూసి "ఏం చదువుతున్నావు?" అన్నాడు. సాహిత్యం అన్నాను. అప్పటి నుంచి నా పేరు కవిగారు. "కవిగారూ, గ్రైండర్ ముందు వర్ణనలు వద్దు, కళ్ళజోడు పెట్టుకోండి" అంటాడు. కారు తెప్పించి వర్క్‌షాపు వెనక షెడ్డులో పెట్టనిచ్చాడు. అవును, షెడ్డులోనే. దుప్పటి మాత్రం కప్పలేదు.

ఆయన మొదట నేర్పింది వెల్డింగ్ కాదు, వినడం. చిన్న సుత్తి ఇచ్చి కారంతా కొట్టుకుంటూ పొమ్మన్నాడు. మంచి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు పట్టింది డబ్ మంటుంది, తడి అట్టను కొట్టినట్టు. డబ్ మన్న చోటల్లా సుద్దతో గుర్తు పెట్టాను. గడపలు మొత్తం తెల్లబడిపోయాయి. ఆ తర్వాత "ఎంతవరకు కోస్తావు?" అన్నాడు. తుప్పు ఉన్నంతవరకు అన్నాను. "అలా కోసినవాళ్ళు రెండేళ్ళకు మళ్ళీ వస్తారు. మెరిసే ఇనుము కనపడేదాకా కొయ్యి, ఆ తర్వాత ఇంకో అంగుళం కొయ్యి" అన్నాడు.

నీకు రెండు సంగతులు చెప్పాలి. ఒకటి నువ్వు నెగ్గింది. నీ ఉన్ని జిడ్డు తగిలిన చోటల్లా ఇనుము కొత్తదానిలా ఉంది. డౌగల్ మాస్టారు వేలితో రాసి వాసన చూసి, "ఇది పూసిన మనిషికి బుద్ధి ఉంది" అన్నాడు. రెండోది నువ్వు ఓడింది. తారు పూసిన చోటల్లా దాని వెనక నీళ్ళు ఇరుక్కుని లోపల్లోపలే తినేశాయి. పైకి బాగానే కనపడింది. నువ్వు మోసం చేయలేదు. మోసం చేసింది తారు. నిన్ను అలా అడిగినందుకు సిగ్గుపడుతున్నాను. కానీ అడగకుండా ఉండలేకపోయేదాన్ని, అదీ నిజమే.

ముందుగా తలుపుల చోట ఇనుప కడ్డీలు అడ్డంగా వెల్డ్ చేశాం, కోసేటప్పుడు కారు మడతపడిపోకుండా. ఒక్కోవైపే కోయాలి. క్రిస్మస్ సెలవుల తర్వాత కుడివైపుతో మొదలు.

థోరా


బర్రే, 15 డిసెంబర్ 1994

థోరా,

క్షమాపణ అడుగుతూ "కానీ" అనకూడదు. సాహిత్యంలో అది చెప్పలేదా?

డౌగల్ అనే మనిషికి బుద్ధి ఉంది. పెళ్ళయిందా అతనికి? నీ కోసం కాదు, ఊరికే అడిగాను.

ఉన్ని మేజోళ్ళు పంపుతున్నాను. షెడ్డులో నేల మీద పడుకునేటప్పుడు వేసుకో.

ఈ చలికాలం ఆ కారు శబ్దం లేకుండా గడిచే మొదటి చలికాలం. మొన్న గాలివానలో కట్ట మీదుగా కెరటాలు ఎగిరిపడుతుంటే కిటికీ దగ్గర నిలబడి విన్నాను. దాటి వెళ్ళేవాళ్ళెవరూ లేరు. ఇప్పటి నర్సుకు పెద్ద వ్యాను ఇచ్చారు. గాలి వీస్తే ఇంట్లోనే ఉంటుందట. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఐసొబెల్


అబర్దీన్, 29 జనవరి 1995

అత్తా,

ఒక వింత. కుడి గడప కోసేశాను. తుప్పు బయటికి తీస్తుంటే బకెట్లు నిండాయి. అన్నిటికన్నా లోపల, మీ ఎర్లెండ్ వేసిన రేకు కనపడింది. వెల్డింగ్ కాదు, మేకుల్లాంటి రివెట్లు కొట్టాడు. పరీక్షలో అది చెల్లదు, రేకును చుట్టూ ఎక్కడా తెగకుండా వెల్డ్ చేయాలి. కానీ గడప మొత్తంలో తుప్పు పట్టనిది ఆ రేకు ఒక్కటే. సుత్తితో కొడితే చర్చి గంటలా మోగింది. మిగతాదంతా పోయి కారు ఈ ముక్క మీదే వేలాడుతూ ఉందట.

తారు కడిగితే కింద నీలం రంగు. తుప్పు పట్టని ఎనామిల్ పూత వేసిన బోర్డు ముక్క. దాని మీద తెల్లటి అక్షరాలు, తలకిందులుగా. మెడ తిప్పి చదివాను: "ట కొట్టి ఆగండి".

కారు లోపల ఇన్నేళ్ళు మాటలున్నాయి, ఎవరూ చదవలేదు. ఆ శనివారమంతా నాకు పని సాగలేదు. డౌగల్ మాస్టారు "కవిగారికి జ్వరమొచ్చింది" అన్నాడు. ఈ బోర్డు ఎక్కడిదో నీకేమైనా తెలుసా?

థోరా


బర్రే, 6 ఫిబ్రవరి 1995

థోరా,

బస్సు స్టాండుదేదో అయ్యుంటుంది. ఎర్లెండ్ దగ్గర అలాంటి తుక్కు బోలెడు ఉండేది. దాన్ని పారేసి పని చూసుకో. ఆ విషయం మళ్ళీ రాయొద్దు.

ఐసొబెల్


అబర్దీన్, 20 ఫిబ్రవరి 1995

అత్తా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను.

నీ కారును నేను కోస్తున్నందుకు కోపమొచ్చిందనుకుని రెండు వారాలు బాధపడ్డాను. కోసిన చోట పెట్టిన కొత్త రేకు చూపిస్తూ నీకు బొమ్మలతో సహా నాలుగు పేజీలు రాసి పెట్టుకున్నాను కూడా. అది చింపేశాను. నిన్న ఎడమ గడప తెరిచాను. అందులో రెండో ముక్క ఉంది. కడిగాను. "నర్సు. గం".

రెండూ నేల మీద పక్కపక్కన పెట్టాను. కమ్మరి కత్తిరించిన అంచులు అచ్చంగా కలిశాయి.

నర్సు. గంట కొట్టి ఆగండి.

మీద కాగితం వేసి పెన్సిల్‌తో రుద్ది, ఆ కాగితం ఇందులో పెట్టాను. పెద్ద అక్షరాలే, భూతద్దం అక్కర్లేదు. "గంట" మాట మీద ఒకచోట ఎనామిల్ ఊడి చందమామ ముక్కలా ఉంది. అది నీకు గుర్తుండే ఉంటుంది.

అత్తా, పదిహేనేళ్ళు మెర్రన్‌తో మాట్లాడకుండా ఉన్నావు. నువ్వు రోజూ ఆ బోర్డు మీద కాలు వేసి కారు ఎక్కావు. నువ్వు ఆమె గేటు ముందు నుంచి తల తిప్పుకుని వెళ్ళినప్పుడల్లా ఆ బోర్డు నీ కిందే ఉంది. ఎర్లెండ్ నీతో ఏమనేవాడో నువ్వే నాకు రాశావు. నీ మాటల మీదే నిలబడిందని. ఆయన నీకు చెబుతూనే ఉన్నాడు.

నాకు కోపంగా ఉంది. నీ మీదో, ఎర్లెండ్ మీదో, తారు మీదో తెలియడం లేదు. కోసిన చోటు మళ్ళీ మూసేసి ఎవరికీ చెప్పకుండా ఉండొచ్చు, కారు మాత్రం బాగానే నడుస్తుంది. కానీ అది తారు పూయడమే కదా.

థోరా


(పోస్టు కార్డు)
బర్రే, 1 మార్చి

అందింది.
ఐ. డ్రెవర్


అబర్దీన్, 26 మార్చి 1995

అత్తా,

"అందింది" అన్న ఒక్క మాటతో మూడు వారాలు గడిపాను. మాటల్ని ప్రేమించేదాన్ని కాబట్టి దాన్ని అన్ని రకాలుగా చదివాను. ఒక్క రకంగా కూడా బాగాలేదు. ఇదేం పద్ధతి? నేను పొద్దుపోయిన ముసలిదాన్ని కాదు, నువ్వు తీర్పు చెప్పేదాకా చేతులు కట్టుకుని కూర్చోడానికి.

కారు శుక్రవారం పరీక్ష నెగ్గింది. ఆ గారేజీకే తీసుకెళ్ళాను, కావాలనే. అదే అధికారి. కార్పెట్టు ఎత్తాడు, దీపం పెట్టి వెల్డింగ్ అంతా చూశాడు, స్క్రూడ్రైవర్‌తో పొడిచాడు, సుత్తితో కొట్టాడు. ఖంగుమంది. "ఎవరు చేశారు?" అన్నాడు. నేనే అన్నాను. "ఎవరు చేశారని అడిగాను" అన్నాడు మళ్ళీ. నా ముంజేతి మీద నిప్పురవ్వల మచ్చలు చూపించాను. సంతకం పెట్టి కాగితం ఇచ్చాడు. నవ్విన నలుగురిలో ఒకాయన తలుపు తెరిచి పట్టుకున్నాడు. నేను నవ్వలేదు, అప్పుడూ నవ్వలేదు కదా.

గడపల లోపల ఉన్ని జిడ్డు కాచి పోశాను. కారంతా గొర్రెల దొడ్డి కంపు. మిసెస్ ఓగిల్వీ నన్ను వెనక దారిన రమ్మంటోంది.

బోర్డు ముక్కలు రెండూ గుడ్డలో చుట్టి పెట్టాను. ఏప్రిల్ 14 ఓడలో వస్తున్నాను. నువ్వు మెర్రన్ దగ్గరికి వెళ్ళకపోతే నేనే ముందు ఆమె గేటు దగ్గర ఆగి, ముక్కలు ఆమెకే ఇస్తాను. ఇది బెదిరింపే.

థోరా


బర్రే, 4 ఏప్రిల్ 1995

థోరా,

చేతిరాత చూసి కంగారు పడకు. నాకిప్పుడు భూతద్దంతో కూడా అక్షరాలు ఆగడం లేదు. నేను చెబుతుంటే మెర్రన్ రాస్తోంది. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. (రాస్తున్నాను. అవసరమైన చోట సరిచేస్తాను. - మెర్రన్)

నీ కాగితం వచ్చిన రోజు వేళ్ళతో తడిమి చూశాను. ఆ చందమామ మచ్చ నా గేటు గాలికి కొట్టుకుని పడింది. ఇక వాదించడానికి ఏమీ మిగల్లేదు, అందుకే ఆ ఒక్క మాటే రాశాను.

ఆ రోజు నాకు బాగా గుర్తొచ్చింది, రాకుండా ఉంటే బాగుండేది. డెబ్బై తొమ్మిది జనవరి. కట్ట దాటుతుంటే కాలి కింద కారు అడుగు రేకు ఊడింది, రోడ్డు కనపడింది. మధ్యాహ్నానికల్లా అవతలి దీవిలో ఒక కాన్పు చూడాలి. కారు నా ఇంటి ముందు ఆపి ఎర్లెండ్‌ను పిలిచి, "చేతికందిన రేకు వెయ్యి, ఎక్కడిదో నాకు చెప్పకు, సాయంత్రానికి సిద్ధంగా ఉండాలి" అని అతని వ్యాను తీసుకుని పోయాను. అతని చేతికందింది నా గేటు బోర్డు. చెప్పొద్దన్నాను, చెప్పలేదు. మర్నాడు బోర్డు లేదని గమనించాను. అంతకు రెండు రోజుల ముందే మెర్రన్ కోళ్ళ గురించి గొడవ పడ్డాం. (కోళ్ళు నావి. తోట ఆమెది. తప్పు ఎవరిదో ఇప్పటికీ తేలలేదు.) నేను చర్చి మెట్ల మీద అందరి ముందు ఆమెను దొంగ అన్నాను. ఆ తర్వాత ఎర్లెండ్‌కు నిజం చెప్పే ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? వేళాకోళంగా చెప్పాడు. నేను పొగడ్త అనుకున్నాను.

నెల రోజులు పట్టింది నాకు ఈ రోడ్డు దాటడానికి. పన్నెండు అడుగులు. పోయిన మంగళవారం వెళ్ళి ఆమె గడప మీద నిలబడి చెప్పాను. ఎలా చెప్పానో అది నీకు అనవసరం.

(అవసరమే. "బోర్డు దొరికింది, నువ్వు తీయలేదు" అంది, టెలిగ్రాం చదివినట్టు. నాకు, థోరా, మా ఆయన చివరి నాలుగు నెలలు గుర్తొచ్చాయి. రోజూ రెండుపూటలా మా ఇంటికొచ్చింది మీ అత్త. మంచులో కూడా. ఆయన్ని తన కన్నబిడ్డలా చూసింది. ఆయనతో జోకులేసింది. నా పక్క నుంచి వెళ్తూ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన పోయిన రోజు కూడా "దుప్పట్లు నానబెట్టు" అని గోడతో చెప్పి వెళ్ళింది. అది అడిగాను. బోర్డు సంగతి కాదు, అది అడిగాను.)

అది నా తప్పేనని చెప్పాను. "కానీ" అనలేదు. ఆ ముక్క రాయి మెర్రన్.

(అనలేదు. నిజమే.)

లోపలికి రమ్మంది. టీ పలచగా పెడుతుంది. (ఆమెకు చక్కెర డబ్బా కనపడదు, అది టీ తప్పు కాదు.)

ఇప్పుడు అసలు విషయం. కారులో రెండే సీట్లు. ఒకటి నీది. ఏప్రిల్ 15న టాపు దించి కట్టల మీద తిరగాల్సింది నేను. అది సెప్టెంబర్‌లోనే తేలిన విషయం. చూపు సంగతి అడగొద్దు, ఎదురుగా ఏదీ కనపడదు, పక్కలు కనపడతాయి. కట్ట మీద సముద్రం పక్కలే కదా. నాకు చాలు. కానీ ఈ మనిషి, పదిహేనేళ్ళు తన గేటు ముందు నుంచి ఆ కారు బురద చల్లుకుంటూ పోయింది కాబట్టి, మొదటి తిరుగుడు తనదే అంటోంది. నేను అరిచాను. ఆమె కదల్లేదు. ముసలివాళ్ళు మొండిగా ఉంటారు. (నాకంటే మూడేళ్ళు పెద్దది.)

సరే. మెర్రన్ ముందు. రెండు కట్టలు దాటి తిరిగి రా, ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత నన్ను నా గేటు దగ్గర ఎక్కించుకో. ఇన్నేళ్ళూ అందరూ నా గంట కొట్టి నా కోసం ఆగారు. నేను ఎవరి కోసమూ ఆగిన మనిషిని కాదు, అలవాటు లేదు. మలుపు దగ్గరికి రాగానే హారన్ కొట్టు. వినగానే కోటు గుండీలు పెట్టుకుంటాను.

ఆ బోర్డు ముక్కల్ని మళ్ళీ నా గేటుకు బిగించనక్కర్లేదు. మెర్రన్ తన గేటుకు కావాలంటోంది. తీసుకోనీ. ఎలాగూ దొంగ అన్నాను.

నీ మేనత్త,
ఐసొబెల్

(థోరా, ఇరవై నిమిషాలు కాదు, గంట. అవతలి దీవి రేవులో ఒక టీ కొట్టు ఉంది, అక్కడ చిక్కగా పెడతారు. ఆమె ఆగుతుంది. - మె. రెండాల్)